ఆంక్షలు ఇంటివాడికి, రాయితీలు ఇంకెవరికో

మొన్న వానలు పడకముందు మా బాబాయి వాళ్ల మండువా ఇంటి మీదికి మేస్త్రీ నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కోనసీమలో మా తాతల నాటి లోగిలి అది. ఉత్తరం వైపు చూరు కింద వాసానికి చెదలు పట్టి, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. మేస్త్రీ ఒక్కో గూనపెంకునీ తీసి గోటితో కొట్టి చూస్తున్నాడు. ఖంగుమంటే ఒక పక్కన, చప్పగా మోగితే ఇంకో పక్కన పెడుతున్నాడు. గంట తర్వాత కిందికి దిగి, "సగం పెంకు పనికొస్తాదండి. మిగతాది దొరకదండి, కుమ్మరోళ్లు చెయ్యడం మానేసి శానా ఏళ్లయ్యింది. రేకులేయించేసుకోండి బాబుగారూ, పదో వంతు డబ్బుల్లో అయిపోద్ది, ఆయ్" అన్నాడు.

బాబాయి నా వైపు తిరిగి, "ఏరా, పాత కట్టడాలు కాపాడాలని గవర్నమెంటు రోజూ చెబుతుంది గదా. దీనికేదైనా సబ్సిడీ ఉందేమో కనుక్కో" అన్నాడు.

కనుక్కున్నాను. ఆ ఇంటికి వచ్చేది ఏమీ లేదు. అలాగని పాత కట్టడాల కోసం మన దేశంలో డబ్బూ లేదు, పన్ను రాయితీలూ లేవు అనుకుంటే పొరపాటే. రెండూ ఉన్నాయి. కాకపోతే ఆ ఇంట్లో ఉంటూ, ఏటా కప్పు నేయించుకునే మనిషి దాకా అవి రావు. ఎందుకు రావో అర్థం కావాలంటే ముందు నాలుగు మాటలకు తేడా తెలియాలి. పేపర్లలో వీటన్నిటినీ కలిపి 'ప్రోత్సాహకాలు' అని రాసేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

మరమ్మతుకు పది లక్షలు ఖర్చయిందనుకుందాం. గ్రాంటు అంటే ప్రభుత్వం నేరుగా చేతికిచ్చే డబ్బు. సగం గ్రాంటు ఉంటే అయిదు లక్షలు మీవి. రెండోది డిడక్షన్, అంటే మినహాయింపు. పన్ను లెక్కేసే ముందు మీ ఆదాయంలోంచి ఆ పది లక్షలూ తీసేస్తారు. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు మూడు లక్షల దాకా మిగులుతాయి. అయిదు శాతం స్లాబువాళ్లకు మిగిలేది యాభై వేలకు కూడా చేరదు, వాళ్ల ఆదాయమే అంత ఉండదు. మూడోది క్రెడిట్. ఇక్కడ ఆదాయంతో పని లేదు, కట్టాల్సిన పన్నులోంచే కోస్తారు. 20 శాతం క్రెడిట్ అంటే, ఏ స్లాబులో ఉన్నా అంత పన్ను కట్టేవాళ్లయితే రెండు లక్షలు తగ్గుతాయి. నాలుగోది టీడీఆర్, బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు. ఇందులో డబ్బు రాదు, ఒక కాగితం వస్తుంది. మీ స్థలంలో కట్టుకోకుండా వదిలేసిన అంతస్తుల్ని వేరేచోట కట్టుకోవడానికి ఆ కాగితాన్ని ఓ బిల్డరుకు అమ్ముకోవాలి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. డిడక్షన్ గానీ క్రెడిట్ గానీ పన్ను కట్టేవాళ్లకే పనికొస్తాయి. పాత ఇళ్లలో మిగిలిన వాళ్లలో చాలామంది పెద్దవాళ్లు. చిన్న పెన్షనో, రెండెకరాల కౌలో ఆధారం. మా బాబాయి ఆదాయపు పన్ను కట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. ఆయనలాంటి వాళ్లకు పన్ను రాయితీ ఎంత ఉదారంగా ఇచ్చినా అందేది సున్నా. వాళ్లకు ఉపయోగపడేది గ్రాంటు ఒక్కటే.

ఏ జాబితాలో ఉంది?

పాత కట్టడం అనగానే చట్టం దృష్టిలో అన్నీ ఒకటి కావు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద కేంద్రం రక్షించేవి ఒక రకం. చార్మినార్, గోల్కొండ, వేయిస్తంభాల గుడి లాంటివన్నీ ఇందులోవే. దేశం మొత్తం మీద ఇవి మూడు వేల ఆరు వందల పైచిలుకు. వీటి బాగోగులు పురావస్తు సర్వేక్షణ శాఖ చూస్తుంది, డబ్బు కేంద్ర బడ్జెట్ నుంచి వస్తుంది. రెండో రకం రాష్ట్ర పురావస్తు శాఖలు రక్షించేవి. మూడోది నగరాల్లో పట్టణాభివృద్ధి నిబంధనల కింద తయారుచేసే హెరిటేజ్ జాబితా. ప్రైవేటు ఇళ్లు, దేవిడీలు (నవాబుల కాలం నాటి భవంతులు), పాత బంగళాలు ఎక్కువగా వచ్చేది ఇందులోకే. ఇక నాలుగోది, ఏ జాబితాలోనూ లేనివి. మండువా ఇళ్లు, రాయలసీమ మట్టి మిద్దెలు, తెలంగాణ గడీలలో చాలా భాగం ఈ లెక్కలోకే వస్తాయి. వయసు వందేళ్లు దాటినా సరే, కాగితం మీద అవి మామూలు ఇళ్లే.

పై మెట్టు నుంచి కిందికి దిగేకొద్దీ డబ్బు తగ్గిపోతుంది. ఆంక్షలు మాత్రం అలా తగ్గవు. 2010లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతితోనే. నిషేధిత పరిధిలో ఇప్పటికే ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా ముందు అనుమతి తెచ్చుకోవాలి. గోల్కొండ కోటలో, ఖిలా వరంగల్‌లో తరతరాలుగా కాపురముంటున్న కుటుంబాలున్నాయి. ఈ నియమం అవసరమేనని నేను నమ్ముతాను, అది లేకపోతే చార్మినార్ చుట్టూ ఏం జరిగి ఉండేదో ఊహించడం కష్టమేమీ కాదు. కానీ దేశం కోసం ఒక కుటుంబం తన ఇంటి మీద అంతస్తు వేసుకునే హక్కు వదులుకుంటే, దానికి బదులుగా దేశం ఆ కుటుంబానికి ఏమిచ్చింది?

ఆదాయపు పన్ను చట్టంలో పాత ఇల్లు

ఏమీ ఇవ్వలేదని చెప్పడానికి పన్ను చట్టమే సాక్ష్యం. ఇల్లు అద్దెకిస్తే, వచ్చిన అద్దెలో మున్సిపల్ పన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద తీసేసుకోవచ్చు. నిరుడు కట్టిన ఫ్లాటుకూ అదే 30, నూట ఇరవై ఏళ్ల నాటి సున్నం గోడల ఇంటికీ అదే 30. మీరు నిజంగా ఎంత ఖర్చు పెట్టారో ఎవరూ అడగరు. ఆ ఇంట్లో మీరే ఉంటే అదీ లేదు. మరమ్మతు కోసం అప్పు చేస్తే, ఆ వడ్డీలో ఏడాదికి 30,000 రూపాయల దాకా తగ్గించుకునే వీలుంది. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఇప్పుడు మనల్ని నేరుగా చేర్చేది కొత్త విధానంలోకి కాబట్టి అక్కడ అదీ దక్కదు. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ పాత ఇంటి పరిస్థితి మారలేదు.

ఇదే చట్టంలో మాజీ సంస్థానాధీశుల ముచ్చట ఒకటుంది. రాజు సొంతంగా ఉండే ఒక ప్యాలెస్ వార్షిక విలువకు పన్ను మినహాయింపు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ప్రత్యేకంగా రాశారు. పాత కట్టడంలో కాపురముండే యజమానికి ఊరట ఇవ్వాలన్న ఆలోచన మన చట్టానికి కొత్తేమీ కాదన్నమాట. కాకపోతే అది ప్యాలెస్ గేటు దగ్గరే ఆగిపోయింది.

మరి రాయితీ ఎవరికుంది? దానం చేసేవాళ్లకు. కేంద్రం 1996లో నేషనల్ కల్చర్ ఫండ్ పెట్టింది. దానికిచ్చే విరాళానికి ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ సెక్షన్ కింద నూటికి నూరు శాతం మినహాయింపు ఉండేలా చేసింది. ఢిల్లీలో హుమాయూన్ సమాధి తోటల పునరుద్ధరణ ఈ నిధి ద్వారానే ఆగాఖాన్ ట్రస్టు చేపట్టింది. చారిత్రక ప్రాముఖ్యం ఉన్నవిగా కేంద్రం నోటిఫై చేసిన గుళ్లు, మసీదులు, చర్చిల మరమ్మతుకు ఇచ్చే విరాళంలో సగానికి మినహాయింపు వస్తుంది, దానికి ఒక పరిమితి ఉంది. ఇక్కడ కూడా అదే మెలిక: కొత్త పన్ను విధానంలో ఉన్న వ్యక్తులకు ఈ విరాళాల మినహాయింపు వర్తించదు. కొత్త విధానం వైపు జనం వెళ్లేకొద్దీ ఈ తలుపు దానంతటదే మూసుకుపోతోంది. దీని గురించి ఎక్కడా పెద్దగా చర్చ జరగకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఇంకో దారి. 2013 కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణను స్పష్టంగా చేర్చారు. లాభాలు బాగా ఉన్న పెద్ద కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఆ షెడ్యూలులోని పనులకు వెచ్చించాలి. 2017లో వచ్చిన 'అడాప్ట్ ఎ హెరిటేజ్' పథకం కింద మరుసటి ఏడాది ఎర్రకోట నిర్వహణను దాల్మియా భారత్ తీసుకున్నప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. కంపెనీ వైపు నుంచి చూస్తే తప్పేం లేదు. బోర్డు పెడితే లక్షలమంది చూసే చోటికే వాళ్ల డబ్బు వెళుతుంది. ఏ సందులోనో ఉన్న ప్రైవేటు దేవిడీ గుమ్మానికి వాళ్లెందుకొస్తారు?

హైదరాబాద్‌లో మంచి పనులు జరగలేదని కాదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టిన పని 2024లో పూర్తయింది. చెక్కపని, రాతిపని, సున్నపు గచ్చు తెలిసిన ఎందరో పనివాళ్లకు అక్కడ ఏళ్ల తరబడి పని దొరికింది. పాయిగా సమాధుల్లో ఆరింటి పునరుద్ధరణకు అమెరికా రాయబార కార్యాలయం 2023లో రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించింది. ఒకప్పటి కోఠీ మహిళా కళాశాలలోని బ్రిటిష్ రెసిడెన్సీకి విదేశీ నిధి వచ్చింది. ఇవన్నీ గ్రాంట్లే, ఇవన్నీ పెద్ద కట్టడాలకే. ఇక ప్రైవేటు చేతుల్లో బతికినవి ఏవంటే, సంపాదించుకోగలిగినవి. ఫలక్‌నుమా 2010లో హోటల్ అయింది. చౌమహల్లా టికెట్ పెట్టి మ్యూజియంగా నిలబడింది, అదే ఏడాది యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు అందుకుంది. నాలుగు గదులు, ఒక దివాన్‌ఖానా ఉన్న ఇల్లు హోటల్ కాలేదు, మ్యూజియం కాలేదు.

రోడ్డుకు రెండింతలు, వారసత్వానికి ఒకింత

ప్రైవేటు యజమానికి మన దగ్గర ఉన్నదల్లా టీడీఆర్ ఒక్కటే. ముంబైతో పాటే హైదరాబాద్ కూడా 1995లో పట్టణ నిబంధనల్లో వారసత్వ కట్టడాలకు చోటిచ్చింది. 'రెగ్యులేషన్ 13' అని హెరిటేజ్ గురించి పట్టించుకునేవాళ్లందరూ చెప్పుకునేది అదే. దాని కింద నూట యాభైకి పైగా కట్టడాలు జాబితాలో చేరాయి. 2015 డిసెంబరులో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. మధ్యలో జాబితాలోని ఇళ్ల సంగతేమిటన్న అయోమయం చాలాకాలం నడిచింది. ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కడతామన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ భవనం కాబట్టి, నలుగురు కోర్టుకెళ్లారు కాబట్టి అది నిలబడింది.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్‌లో టీడీఆర్ ఎవరికెంతో రాశారు. అప్పట్లో మాస్టర్ ప్లాన్ రోడ్డు కోసం స్థలం వదిలితే 200 శాతం. వారసత్వ కట్టడాన్ని చక్కగా నిలబెట్టి చూసుకుంటే 100 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. రోడ్డు వెడల్పులో పోయేది చాలాసార్లు ఆ పాత ఇళ్ల ముఖద్వారాలే. ఒకే రూలులో, కూలగొట్టించుకుంటే రెండింతలు, కాపాడుకుంటే అందులో సగం. ఎవరూ దురుద్దేశంతో రాసి ఉండరు. రోడ్లకు స్థలం త్వరగా కావాలి కాబట్టి అలా రాశారు. కానీ యజమాని ఇంట్లో కూర్చుని లెక్క వేసుకునేటప్పుడు ఆయన ముందున్నవి ఆ అంకెలే.

టీడీఆర్‌తో ఇంకో ఇబ్బంది, కాగితం చేతికొచ్చినా కొనేవాడు కావాలి. బిల్డర్లకు అదనపు అంతస్తు వేరే దారుల్లో చవగ్గా దొరికితే ఆ కాగితం ధర పడిపోతుంది. రోడ్ల కోసం విరివిగా సర్టిఫికెట్లు ఇస్తే మార్కెట్‌లో అవే నిండిపోతాయి. పైగా కప్పు కారేది ఇవాళ, కాగితం అమ్ముడుపోయేది ఎప్పుడో.

పన్నుల్లో కూడా భారం తగ్గకపోగా పెరిగింది. చారిత్రక కట్టడాల పనులకు సంబంధించి ప్రభుత్వానికి చేసే కాంట్రాక్టుల మీద జీఎస్టీ ఇదివరకు 12 శాతం ఉండేది. 2022 జూలై 18 నుంచి 18 శాతం చేశారు.

సగం మీరు, సగం మేము

ఇలాగే ఉండాలని ఏం లేదు. పుదుచ్చేరిలో వైశ్యుల వీధి అని ఒక వీధి ఉంది, తమిళ వాడలో. అరుగులు, చెక్క స్తంభాల తిన్నెలు ఉన్న ఇళ్లు వరసగా ఉండేవి. ఒక్కొక్కటే కూలిపోతుంటే, 2000ల మొదట్లో ఐరోపా సంఘం సాయంతో, పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ, అక్కడి ప్రభుత్వం కలిసి ఒక పద్ధతి పెట్టాయి. వీధి వైపు కనిపించే ముఖభాగం బాగుచేయడానికి అయ్యే ఖర్చులో సగం ప్రాజెక్టు పెట్టుకుంటుంది, సగం ఇంటివాళ్లు పెట్టుకోవాలి. లోపల మీ ఇష్టం. 2008లో ఆ వీధికి యునెస్కో గుర్తింపు వచ్చింది. మన యానాం కూడా ఆ ప్రభుత్వం కిందే ఉంది, కాకినాడ నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. అంత దగ్గరలో ఉన్న పద్ధతి గోదావరి ఇవతలికి రాలేదు.

దీంట్లో నాకు నచ్చింది, 'మొత్తం మేం చేస్తాం' అనకపోవడం. తన డబ్బు సగం పెట్టిన ఇంటివాడు పని దగ్గర నిలబడి చూసుకుంటాడు. గ్రాంటు సక్రమంగా నడవాలంటే అంతకు మించిన కాపలా ఉండదు.

అమెరికా దారి వేరు. 1976 నుంచి అక్కడ చారిత్రక భవనాల పునరుద్ధరణకు పన్ను ప్రోత్సాహం ఉంది. ఇప్పుడది 20 శాతం క్రెడిట్, 2017 చట్టం తర్వాత అయిదేళ్లకు పంచి ఇస్తున్నారు. పది లక్షల డాలర్లు ఖర్చుపెడితే రెండు లక్షలు, ఏడాదికి నలభై వేల చొప్పున. షరతులు గట్టివే. ఆదాయం తెచ్చే భవనమై ఉండాలి: అద్దె ఇళ్లు, ఆఫీసు, హోటల్ లాంటివి. సొంతంగా కాపురముండే ఇంటికి ఫెడరల్ క్రెడిట్ లేదు, అది కొన్ని రాష్ట్రాలు ఇస్తాయి. పైపైన రంగులు వేస్తే చాలదు. రెండేళ్ల వ్యవధిలో పెట్టే ఖర్చు, స్థలం విలువ కాకుండా ఆ భవనానికి పుస్తకాల్లో ఉన్న విలువను దాటాలి. దరఖాస్తు మూడు భాగాలు: భవనం ఎందుకు ముఖ్యమో ఒకటి, ఏం చేయబోతున్నారో రెండోది, చేసింది చెప్పినట్టే ఉందా అన్నది మూడోది. నేషనల్ పార్క్ సర్వీసు ఫొటోలతో సహా పరిశీలిస్తుంది. పాత కిటికీలు పీకేసి అల్యూమినియంవి పెడితే మొత్తం క్రెడిట్‌కే ఎసరు రావచ్చు. అయిదేళ్లలోపు అమ్మేస్తే కొంత వెనక్కి కట్టాలి.

అక్కడి విషయాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. జాతీయ రిజిస్టరులో పేరు ఎక్కినంత మాత్రాన, ప్రైవేటు యజమాని సొంత డబ్బుతో ఆ ఇంటిని ఏం చేసినా ఫెడరల్ ప్రభుత్వం అడ్డుకోదు. ఆంక్షలు పెట్టేది స్థానిక నగరాలు. కేంద్రం జాబితా అంటే అక్కడ డబ్బుకు తలుపు. అందుకే తమ భవనాన్ని జాబితాలో చేర్చమని యజమానులే వెంటపడతారు. మన దగ్గర జాబితాలో పేరొస్తుందని తెలిస్తే చాలు, టెన్షన్‌తో రాత్రికి రాత్రి గోడ కూల్చేసిన సంగతులు హెరిటేజ్ పనిచేసేవాళ్లు ఎన్నో చెబుతారు. మనిషిలో తేడా లేదు. జాబితాతో పాటు ఏం వస్తుందన్న దాంట్లోనే తేడా.

అన్ని దేశాలూ తెలివిగా చేస్తున్నాయని కూడా అనలేం. బ్రిటన్‌లో కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా, పాత ఇల్లు బాగుచేస్తే 20 శాతం. జాబితాలోని భవనాలకు అనుమతితో చేసే మార్పుల మీద ఉన్న మినహాయింపును కూడా 2012లో తీసేశారు. పాతది కూల్చి కొత్తది కట్టుకోమని పన్నే చెబుతున్నట్టు లేదూ?

నన్నడిగితే మన రాష్ట్రాలు మొదలుపెట్టాల్సింది చిన్నగా, గ్రాంటుతోనే. కప్పు, చూరు, వీధి గోడ, ఈ మూడింటికి సగం ఖర్చు ఇస్తే చాలు. పాత ఇల్లు చచ్చేది నీళ్లతోనే, అది దిగేది కప్పు నుంచే. ఆస్తి పన్ను తగ్గించడం మున్సిపాలిటీ చేతిలో పని, ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు. టీడీఆర్‌లో రోడ్డుకిచ్చే వంతు కన్నా కాపాడినందుకు ఇచ్చే వంతు తక్కువ ఉండకూడదు. ఆదాయపు పన్నులో మాత్రం జాబితాలోని ఇంటికి నిజంగా పెట్టిన ఖర్చును బిల్లులు చూసి ఒప్పుకునే ఏర్పాటు కావాలి, ఇంటివాడు అందులోనే కాపురమున్నా సరే.

ఈలోగా పాత ఇల్లున్నవాళ్లు చేయగలిగింది ఉంది. పని మొదలుపెట్టకముందు ప్రతి గదినీ, ప్రతి మూలనూ ఫొటో తీసి తేదీతో దాచుకోండి. పాత దస్తావేజులు, పన్ను రసీదులు ఒకచోట పెట్టండి. ఏ పథకం వచ్చినా మొదట అడిగేది ఇల్లు ఎప్పటిది, పనికి ముందు ఎలా ఉంది అన్నదే. ఇంటాక్ స్థానిక శాఖ దగ్గరుంటే పిలిచి చూపించండి, ఏది మార్చకూడదో చెబుతారు. సున్నం గోడ మీద సిమెంటు పూయనివ్వకండి. తడి లోపలే నిలిచిపోయి గోడ ఉబ్బుతుంది.

బాబాయి రేకులు వేయించలేదు. పక్క ఊళ్లో కూలగొడుతున్న ఇంకో మండువా ఇంటి దగ్గర గూనపెంకు బేరం చేసి ట్రాక్టరులో వేయించుకొచ్చాడు. ఉత్తరం వైపు నేయడం అయింది, కొత్త వాసం పాతదాని పక్కన ఇంకా తెల్లగా కనిపిస్తోంది. పడమటి వైపు నీలం టార్పాలిన్ కప్పి ఉంది, డబ్బు సర్దుకున్నాక సంక్రాంతి తర్వాత చూద్దామన్నాడు. పెంకు, కలప, కూలీ లెక్కలన్నీ పాత బిస్కెట్ డబ్బాలో దాస్తున్నాడు. ఎందుకు బాబాయ్ అంటే, "నువ్వే గదా ఫొటోలు, బిల్లులు దాచమన్నావు" అన్నాడు.